నల్లజీడి గుర్తు

చాకలిపేటలో మెట్రో ఆగినప్పుడు
రైలు గొంతు రెండు భాషల్లో మా కులం పేరు చెబుతుంది.
తలుపులు తెరుచుకుంటాయి.
ఎవరూ ఉలిక్కిపడరు.
నేనూ పడను, బ్యాగు సర్దుకుని దిగుతాను.
మూడో భాషలో ఆ పేరు
మా అవ్వ చెంగమ్మ నోట్లో ఉండేది.

అవ్వ లెక్కలో సంవత్సరాలు లేవు.
గోడ కట్టకముందు, గోడ కట్టినాక,
గోడ పడినాక. అంతే.
తను చూసిన గోడ కాదది,
అత్తకు అత్త చెబితే విన్న గోడ.
అయినా రెండు చేతులూ చాచి
ఇదో, ఇంత మందం, అని చూపించేది.
ఆ చేతులకు చవుడు వాసన.

గోడ లోపల ముత్యాలపేట, పెద్దనాయకనిపేట,
శెట్ల మిద్దెలు, దుబాసీల పల్లకీలు,
వీధికో గుడి, గుడికో తగువు.
గోడకు ఉత్తరాన మేము.
నీళ్ళూ ఇసకా ఎండా అక్కడే ఉన్నాయి కాబట్టి
మిమ్మల్ని అక్కడ పెట్టారు అన్నాడు
మా బళ్ళో చరిత్ర అయ్యవారు.
అవ్వకు చెబితే నవ్వింది.
"ఎండ లోపల కాయదంటనా?"

మగ్గం దిగిన గుడ్డ మట్టిరంగులో వచ్చేది.
చవుట్లో నాని, బానలో ఉడికి, బండకు మొత్తుకుని
ఇసకమీద నాలుగు రోజులు పడుకుంటే
కొంగలు తమ తోడనుకుని దిగేవట.
అప్పుడు మూటలెత్తుకుని గోడ తలుపు దాకా నడక.
పొద్దుగూకితే తలుపు మూత.
గుడ్డ లోపలికి, అక్కణ్ణించి ఓడలోకి.
ఉతికిన చేతులు ఇంటికి.

ఆ గోడకు పన్ను కట్టమన్నారట లోపలివాళ్ళని.
ఎవరూ కట్టలేదట.
గోడ పోయింది, పన్ను పోయింది,
వాల్ టాక్స్ రోడ్డు అని పేరు మాత్రం
సెంట్రల్ స్టేషన్ పక్కన ఇంకా వసూలుకు తిరుగుతోంది.

అవ్వకు చదువు రాదు.
నల్లజీడి గింజను సూదితో గుచ్చి
ఆ రసంతో గుడ్డ మూలన గుర్తు పెట్టేది.
కాకికాలొక ఇల్లు, మూడు చుక్కలొక ఇల్లు,
విరిగిన గాజుముక్కలాంటిది తంబుచెట్టి వీధిలో ఒక వకీలు.
ఏ సబ్బుకూ లొంగని అక్షరాలు.
నాకు అరవం చదువొచ్చింది, ఆ అక్షరాలు రాలేదు.
తెలుగును అరవ లిపిలో రాసుకుంటాను.
అందులో గోడ అని రాసినా కోట అని రాసినా
కాగితం మీద ఒకటే.
మా అత్త నా చీటీ చదివి
"మనకు కోట ఎక్కడిదే?" అంది.

అవ్వ పోయినాక పెట్టెలో ఒక దుప్పటి దొరికింది.
ఎవరో వేసి, మళ్ళీ తీసుకోనిది.
మూలన ఒక గుర్తు: గీత, గీతకు బయట చుక్క.
అత్తకు తెలీదు. చిన్నాయనకు తెలీదు.
ఇస్త్రీ బండి మునిరత్నం మామ కళ్ళద్దాలు తుడుచుకుని చూసి
"పాత ఇల్లు. లోపలి ఇల్లు" అన్నాడు, అంతకుమించి రాలేదు.

సంచిలో పెట్టుకుని ఒక ఆదివారం బయల్దేరాను.
ఎవరికి ఇద్దామనో.
మింటు వీధి దాటేసరికి వాన పట్టుకుంది,
సంచి తడిసింది, దుప్పటి తడిసింది.
గోడలో మిగిలిన ముక్క ఒకటుంది రాయపురం వైపు.
నేను అనుకున్నంత ఎత్తు లేదు.
అవ్వ చేతులు చూపించినంత మందం మాత్రం ఉంది.

ఎండ రాగానే దాని మీద దుప్పటి పరిచాను.
కాపలా ముసలాయన పరిగెత్తుకొచ్చాడు.
ఇక్కడ గుడ్డలు ఆరేయకూడదమ్మా, అరవంలో.
రెండు నిమిషాలు తాతా, నేనూ అరవంలోనే.
ఆయన వంగి మూలన ఉన్న గుర్తును వేలితో రుద్దాడు,
మరకేమో అనుకుని.
పోలేదు.
మళ్ళీ రుద్దాడు.

సముద్రం వైపు నుంచి గాలి లేచింది.
ఏమీ అనకుండా
దుప్పటి ఎగరకుండా ఒక కొస మీద
తన కర్ర పెట్టాడు.